‘ఆవిరైపోతుంది’ అని రాయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో అనీస్ (సోంపు లాంటి వాసన ఉండే గింజ) పరిమళంతో చేసే ఫ్రెంచి కోడి వంటకం ఒకటి పెద్ద రంగుల ఫొటోతో వేశారు. నేను ఫ్రాన్సులోని మార్సెయ్‌లో ఒక చిన్న రెస్టారెంటు వంటగదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడ దాన్ని ‘పూలే ఓ పాస్తిస్’ అంటారు. పూలే అంటే కోడి, పాస్తిస్ అంటే అనీస్ వాసన వేసే ఇక్కడి మద్యం. వారానికి రెండుసార్లైనా ఆ వంట నా చేతుల మీదుగా వెళ్తుంది. మన పత్రికలో అది కనబడేసరికి మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. ఆ సంబరం మూడో పేరా దాకానే.

మూడో పేరాలో, ఒక కప్పు ‘అనీస్ లిక్కర్’ పోసి మంట అంటిస్తే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుంది, పిల్లలూ పెద్దలూ నిశ్చింతగా తినొచ్చు అని ఉంది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట గురించే.

ఆవిరైపోదండీ. అమెరికా వ్యవసాయ శాఖ వంటల్లో ఆల్కహాల్ ఎంత మిగులుతుందో లెక్కగట్టి పట్టిక ఇచ్చింది. దాని ప్రకారం మంట అంటించి ఆర్పేసిన వంటలో 75 శాతం మిగిలే ఉంటుంది. కళ్లు జిగేల్‌మనే ఆ నీలం మంట పట్టుకుపోయేది పావు వంతే. గ్రేవీలో కలిపి సన్నసెగ మీద పావుగంట ఉడికిస్తే 40 శాతం మిగులుతుంది, అరగంటకి 35, గంటకి 25. రెండున్నర గంటలు ఉడికినా ఇంకా 5 శాతం ఉంటుంది. గిన్నె వెడల్పు, మూత, సెగ బట్టి అటూ ఇటూ కావచ్చు కానీ సున్నా మాత్రం కాదు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కదా అంటారు కొందరు. అది విడిగా ఉన్నప్పటి మాట. నీళ్లతో కలిశాక రెండూ కలిసే ఆవిరవుతాయి, ఒకటి ముందే లేచి వెళ్లిపోదు.

ఇక కప్పు సంగతి. మేము నలుగురి వంటకి నాలుగు పెద్ద చెంచాలు, అంటే 60 మిల్లీలీటర్లు వేస్తాం. పాస్తిస్‌లో ఆల్కహాల్ సాధారణంగా 45 శాతం. అంటే 27 మిల్లీలీటర్ల ఆల్కహాల్ గిన్నెలోకి వెళ్తుంది. అరగంట ఉడికాక తొమ్మిది, తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు మిగులుతుంది. ఒక్కో పళ్లెంలోకి రెండు గ్రాముల లోపు ఆల్కహాల్ వస్తుంది. ఫ్రాన్సులో ఒక ‘గ్లాసు’ మద్యం అంటే పది గ్రాముల ఆల్కహాల్ అని లెక్క కాబట్టి ఇది గ్లాసులో ఐదో వంతు కన్నా తక్కువ. మీరు చెప్పినట్టు 240 మిల్లీలీటర్ల కప్పు పోస్తే? అదే లెక్కన పళ్లానికి ఏడున్నర గ్రాములు, అంటే ముప్పావు గ్లాసు. దాన్ని పిల్లలకి పెట్టమన్నారు! నిజానికి అంత పోస్తే పిల్లలు ఎలాగూ తినరు, నోట్లో దగ్గు మందు పోసినట్టు ఉంటుంది. అదొక్కటే నాకు ఊరట.

కప్పుకి, చెంచాకి తేడా టైపింగులో వచ్చిందేమో అనుకున్నాను. కానీ ఫొటోలో వంటమనిషి సీసా పట్టుకుని నేరుగా మంట మీదికే వంచుతున్నాడు. అది చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. పనిలో చేరిన మొదటి ఏడాది నేనూ అలాగే వంచాను. మంట ధార వెంట పైకి ఎగబాకింది. కుడి కనుబొమ్మ సగం కాలిపోయింది, రెండు నెలలు నన్ను చూసిన ప్రతివాడూ నవ్వాడు. నాకు పని నేర్పిన పెద్దాయన అప్పుడు చెప్పింది ఇప్పటికీ పాటిస్తాను. కావలసినంత ముందే చిన్న గిన్నెలోకి కొలిచి పోసుకోవాలి. సీసాకి మూత పెట్టి దూరంగా ఉంచాలి. పొయ్యి ఆర్పి, పైన పొగ లాగే ఫ్యాన్ ఆపి, అప్పుడు పోయాలి. అసలు ఈ వంటకి మంట అక్కర్లేదు, అది కస్టమర్లు ఫొటో తీసుకోవడానికే అనేవాడాయన. మా దగ్గర కోడి కాళ్లను పాస్తిస్, ఆలివ్ నూనె, చిటికెడు కుంకుమపువ్వుతో కలిపి ఫ్రిజ్‌లో నానబెడతాం. తర్వాత ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటా, ఫెనూయ్‌తో ఉడికిస్తాం. ఫెనూయ్ అంటే సోంపు మొక్క మొదట్లో ఉబ్బి ఉండే తెల్ల గడ్డ. బంగాళాదుంపలు ఆఖర్న వేస్తాం. మంట ఎక్కడా రాదు.

ఇంత లెక్క ఎందుకు చెబుతున్నానంటే, మీరు రాసిన ఆ మాటనే నేనూ ఒకసారి ఒక మనిషికి చెప్పాను.

మా భవనంలో పై అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యారు. తాగుడు మానేసి అప్పటికి నాలుగేళ్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచి, గొప్పగా ఉంటుందని ఇదే వండాను. అడిగారు, ‘ఇందులో పాస్తిస్ ఉందా?’ అని. ‘ఉంది కానీ అంతా ఆవిరైపోయింది, భయం లేదు’ అన్నాను, మీ మూడో పేరాలో ఉన్నంత ధీమాగా. ఆయన పళ్లెం కాస్త దగ్గరికి జరుపుకుని వాసన చూశారు. ఫోర్కు పక్కన పెట్టేశారు. ‘ఆవిరైతే ఈ వాసన ఎక్కడిది నాయనా?’ అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలుసుకున్నాను. అనీస్ వాసనకి కారణం అనెథోల్ అనే పదార్థం. అది ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. పాస్తిస్‌లో నీళ్లు పోస్తే పాలలా తెల్లబడేది అందుకే, కరగని అనెథోల్ సన్నని బిందువులుగా విడిపోతుంది. వంటలో అది నూనెలోకీ కోడి కొవ్వులోకీ చేరి కూర్చుంటుంది. దాని మరిగే స్థానం 234 డిగ్రీలు. అందుకే గంట ఉడికినా వాసన గిన్నె వదలదు. రోజూ సాయంత్రం అదే వాసనతో ఇరవై ఏళ్లు గడిపిన మనిషి ముందు నేను ఆ పళ్లెం పెట్టాను. ఆ రోజు ఆయనకి ఆమ్లెట్ వేసి పెట్టాను. ఆయన ఏమీ అనుకోలేదని చెప్పారు గానీ, నాకు మాత్రం ముద్ద దిగలేదు.

తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవాళ్లకి కొద్దిపాటి ఆల్కహాల్ కూడా వాంతులు, గుండెదడ తెప్పించగలదు. గర్భిణుల విషయంలో ఫ్రాన్సులో 2007 నుంచి మద్యం సీసా లేబుల్ మీద హెచ్చరిక తప్పనిసరి. గర్భిణి బొమ్మ మీద అడ్డగీతతోనో, మాటల్లోనో ఉంటుంది. మత నియమం వల్ల ముట్టనివాళ్లు ఉంటారు. వీళ్లంతా మీ పత్రికను నమ్మి వండుకుంటారు. తినాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు, కానీ ఉన్నది లేదని మనం చెప్పకూడదు కదా.

‘అనీస్ లిక్కర్’ అన్న మాట గురించి కూడా కొంచెం చెప్పాలి, ఇది వంట రుచిని చెడగొట్టే పొరపాటు. మనం ఏ మద్యాన్నైనా లిక్కర్ అనేస్తాం. ఫ్రెంచివాళ్లు లికూర్ అనేది తియ్యటి మద్యాన్ని. అక్కడి నియమాల ప్రకారం లీటరుకి కనీసం వంద గ్రాముల చక్కెర ఉంటేనే సాధారణంగా దాన్ని లికూర్ అంటారు. పాస్తిస్‌లో చక్కెర ఆ వంద గ్రాములు దాటకూడదు. అనిసెట్ అనేది లికూర్, బోర్డో నగరంలో ‘మారీ బ్రిజార్’ పేరుతో 1755 నుంచీ ఉంది. మీ పాఠకులు లికూర్ అని వెతికి అనిసెట్ తెచ్చి పోస్తే టమాటా గ్రేవీ పాకంలా తయారవుతుంది. మా దగ్గర ఒక కుర్రాడు కంగారులో అదే పని చేశాడు, గిన్నె మొత్తం పారబోశాం.

‘శతాబ్దాల నాటి వంటకం’ అని కూడా రాశారు. అబ్సింత్ అనే ఘాటైన మద్యాన్ని ఫ్రాన్సు 1915లో నిషేధించింది. ఆ ఖాళీలోకి అనీస్ మద్యాలు వచ్చాయి. మార్సెయ్ కుర్రాడు పాల్ రికార్ తన పాస్తిస్‌ను అమ్మకానికి పెట్టింది 1932లో, అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు. అంటే ఈ వంట మా తాతగారి కన్నా చిన్నది. బాగుండటానికి పాతదే కానక్కర్లేదు లెండి.

ఆల్కహాల్ వద్దనుకునేవాళ్లకి ఒక దారి ఉంది, అది మీరు రాసి ఉంటే బాగుండేది. అనెథోల్ అనాసపువ్వులోనూ సోంపులోనూ ఉంటుంది, పాస్తిస్‌లోకి వచ్చేది కూడా చాలావరకు అనాసపువ్వు నుంచే. రెండు అనాసపువ్వులు, చిన్న చెంచా సోంపు ఆలివ్ నూనెలో సన్నసెగ మీద వేయించి, పువ్వులు తీసేసి, ఆ నూనెలో కోడి ముక్కలు ఎర్రగా వేయించండి. ఫెనూయ్ గడ్డ ఎక్కువ వేయండి, చివర్లో నారింజ తొక్క చిన్న ముక్క. పాస్తిస్‌తో చేసినట్టే ఉంటుందని నేను చెప్పను, లోపల ఉండే ఆ చురుకు రాదు. మా ఇంట్లో మాత్రం పిల్లల కోసం ఇలాగే చేస్తాం. పాస్తిస్‌తోనే చేసేవాళ్లు దింపే ముందు పైన ఒక చెంచా చల్లే అలవాటు మానుకోవాలి. అది ఉడకదు కాబట్టి దాదాపు మొత్తం పళ్లెంలోకే వస్తుంది.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. లోపలి పేజీ మూలన రెండు లైన్లు వేస్తే వంట చేసేవాళ్లెవరూ చూడరు. కప్పు బదులు నాలుగు పెద్ద చెంచాలు అని, ఆల్కహాల్ కొంత మిగులుతుంది అని, సీసాతో నేరుగా పోయొద్దు అని ఉంటే చాలు. వడ్డించే ముందు అతిథిని అడగమని కూడా ఒక మాట చేర్చండి. మా పై అంతస్తు పెద్దాయన ఇప్పటికీ ఆదివారాలు వస్తారు. ఆయన వచ్చే రోజు అనాసపువ్వు కూడా డబ్బాలోంచి బయటికి తీయం.

ఇట్లు
మీ పాఠకుడు,
మార్సెయ్, ఫ్రాన్సు