జిల్లా మారిందని సర్వర్ల పేర్లు మార్చనక్కరలేదు

సంపాదకులకు,

అయ్యా,

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి. సరిహద్దుల మార్పుల మాట ఆ తర్వాత కూడా వినిపిస్తూనే ఉంది. కార్యాలయాల్లో బోర్డులు, రబ్బరు స్టాంపులు మార్చిన ఊపులోనే, ఊరి పేరో జిల్లా పేరో పెట్టుకున్న సర్వర్ల పేర్లు కూడా మార్చేయమని పైవారు ఆదేశిస్తుంటారు. ఈ పని చేతిమీదుగా చేసేవాడిగా నా అభ్యంతరం తెలియజేస్తున్నాను.

విడిగా ఉన్న కంప్యూటర్ పేరు మార్చడం చిటికెలో పని. నాలుగైదు సర్వర్లు ఒకదాన్నొకటి పేరుతో గుర్తుపడుతూ కలిసి పనిచేసే క్లస్టర్‌లో అలా కుదరదు. ఒకే డేటాబేస్‌ను పలు సర్వర్లు కలిసి నడిపే ఒరాకిల్ ర్యాక్‌నే తీసుకుంటే, క్లస్టర్‌లో ఉండగా నోడ్ (అంటే క్లస్టర్‌లోని ఒక సర్వర్) పేరు మార్చే వీలే లేదు. ఆ నోడ్‌ను తొలగించి, కొత్త పేరుతో మళ్లీ చేర్చుకోవాలి. వెబ్ అప్లికేషన్లను నడిపే వెబ్‌స్ఫియర్‌లో ప్రతి నోడ్ హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో ఆ సర్వర్ పేరు), నోడ్లన్నింటినీ అజమాయిషీ చేసే డెప్లాయ్‌మెంట్ మేనేజర్ వద్దనున్న కాన్ఫిగరేషన్‌లో నమోదై ఉంటుంది కనుక, ఆపరేటింగ్ సిస్టమ్‌లో పేరు మార్చినంత మాత్రాన ఆ సంగతి దానికి తెలియదు. అక్కడ కూడా మార్చి, ఆ మార్పును నోడ్లన్నింటికీ చేరవేయవలసిందే (సింక్). అన్నింటికంటే నన్ను భయపెట్టేది, అప్లికేషన్ల మధ్య సందేశాలు చేరవేసే రాబిట్‌ఎంక్యూ. దాని నోడ్ పేరులో హోస్ట్‌నేమ్ ఒక భాగం, డేటా ఉండే ఫోల్డర్‌కు కూడా మామూలుగా ఆ పేరే ఉంటుంది. అందువల్ల హోస్ట్‌నేమ్ మార్చి సర్వీసును తిరిగి మొదలుపెడితే, ఏ ఎర్రరూ చూపకుండా ఖాళీ నోడ్ ఒకటి పైకి లేస్తుంది. పాత సందేశాలు డిస్క్ మీద భద్రంగానే ఉన్నా దాని కంటికి కనిపించవు. ఎర్రర్ వచ్చి ఆగిపోయినా కొంత నయమే. ఇక పాత పేరు నమోదై ఉండే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లు (సర్వర్ గుర్తింపు పత్రాలు), కెర్బరోస్ కీట్యాబ్‌లు (లాగిన్ తాళాల ఫైళ్లు), బ్యాకప్ స్క్రిప్టులు, ఎవరో ఎప్పుడో హోస్ట్స్ ఫైలులో (ఆ కంప్యూటర్‌లోనే ఉండే పేర్లు, చిరునామాల జాబితాలో) రాసి వదిలేసిన వరుసలు ఎటూ ఉన్నాయి.

పేరు పొడవుకు కూడా హద్దులున్నాయి. సంస్థల లెక్కలు, వ్యవహారాలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్లకు 13 అక్షరాలు, విండోస్ నెట్‌బయాస్ పేరుకు (నెట్‌వర్క్‌లో విండోస్ కంప్యూటర్ పొట్టి పేరుకు) 15 అక్షరాలు మించకూడదు. 2008లో మన జిల్లాకు వచ్చిన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అనే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే 24 అవుతాయి. ఆ మహనీయుని మీద గౌరవం చూపడానికి సర్వర్ తగిన చోటు కాదని నా మనవి.

కాబట్టి సర్వర్‌కు ఊరితో, శాఖతో, అధికారితో సంబంధం లేని పేరు మొదటే పెట్టి, అప్లికేషన్లకు మాత్రం డీఎన్‌ఎస్‌లో (పేర్లను నెట్‌వర్క్ చిరునామాలతో జతచేసే వ్యవస్థలో) మారుపేరు ఇస్తే, రేపు జిల్లా మారినా సర్వర్ జోలికి పోనక్కరలేదు. తప్పనిసరిగా మార్చవలసి వస్తే ఒక్కరోజు ముందుగానైనా డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) తగ్గించి, సర్టిఫికెట్లలో పాత, కొత్త పేర్లు రెండూ చేర్చి, బ్యాకప్ నిజంగా రీస్టోర్ అవుతుందో లేదో చూసుకొని, ఒక్కొక్క నోడ్‌నే మార్చాలి. మార్చి నెలాఖరున లెక్కలు ముగించే రోజుల్లో ఈ పని అసలు పెట్టుకోకూడదు. పాత పేరును కూడా వెంటనే తీసివేయక, దానికోసం ఇంకా ఎవరు వెతుకుతున్నారో డీఎన్‌ఎస్ లాగ్‌లలో గమనిస్తూ, నెలకోసారి, ఏడాదికోసారి నడిచే పనులన్నీ ఒక విడత పూర్తయిన తరువాతే తొలగించాలని ఆయా సంస్థల అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సర్వర్ నిర్వాహకుడు,
నెల్లూరు