సితార్ లేకుండానే రాగం వాయించిన బ్యాండ్

ఎడిటర్ గారికి నమస్కారం.

మన సంగీతం రాక్‌లోకి ఎలా వెళ్లిందో పత్రికల్లో వచ్చిన ప్రతిసారీ బీటిల్స్ బ్యాండ్ గిటారిస్టు జార్జ్ హారిసన్, ఆయన సితార్, రవిశంకర్, అక్కడితో ఆగిపోతోంది. పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్ గురించి కూడా ఒక్కసారి రాయండి సార్.

షికాగో వాళ్లు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి వాయించిన బ్యాండ్, అమెరికాలో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. 1965లో వచ్చిన మొదటి ఆల్బమ్ అచ్చమైన షికాగో బ్లూస్, అంటే అమెరికా నల్లవాళ్ల నుంచి పుట్టిన సంగీతం. మరుసటి ఏడాదే 'ఈస్ట్-వెస్ట్' తెచ్చారు. అందులో నాట్ ఆడర్లీ జాజ్ రచన 'వర్క్ సాంగ్' ఉంది, అది బాగుంటుంది, కానీ నేను చెప్పేది చివరి ట్రాక్ గురించి, దాని పేరూ 'ఈస్ట్-వెస్ట్' అనే. 13 నిమిషాలకు పైగా సాగుతుంది, పాడే గొంతు లేదు, సితార్ లేదు. బ్లూస్‌లో అలవాటుగా మారే కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) ఇక్కడ మారవు, బేస్ గిటార్ మన తంబూరాలా ఒకే శ్రుతి చుట్టూ తిరుగుతుంటే దాని మీద మైక్ బ్లూమ్‌ఫీల్డ్, ఎల్విన్ బిషప్ గిటార్లు ఒకరి తర్వాత ఒకరు స్వరాలు పెంచుకుంటూ పోతారు, కింద డ్రమ్స్ మీద బిల్లీ డావెన్‌పోర్ట్, జాజ్ నుంచి వచ్చినవాడు, ఎక్కడ తగ్గాలో ఎక్కడ లేపాలో ఆయనకి బాగా తెలుసు. మధ్యలో వేగం తగ్గి మళ్లీ అందుకునే చోట నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

వాద్యాన్ని అరువు తెచ్చుకోవడం వేరు, రాగం నడిచే తీరు పట్టుకోవడం వేరు. వీళ్లు రెండోది చేశారు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకి ఇది వినిపిస్తే చాలా ఇష్టపడతారు. మీ ఆదివారం సంచికలో ఒక పేజీ ఇవ్వండి.

- ఒక పాఠకుడు, విజయవాడ