కాలిబాట మూసే ముందు దారి చూపండి

సంపాదకులకు,

రైలు పట్టాలు దాటే కాలిబాటల మీద లెవెల్ క్రాసింగులు ఎత్తేయాలంటే నాకేమీ పేచీ లేదు. ఎత్తేయాల్సిందే. వాటి బదులు ఏం కడతారు, ఎప్పుడు కడతారు అన్న దగ్గరే నా గొడవంతా.

అటూ ఇటూ చూసుకుని దాటితే సరిపోదా అనేవాళ్లు చిన్న లెక్క వేసుకోవాలి. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 36 మీటర్లు దూసుకొస్తుంది. రెండు లైన్లున్న చోట చేతికర్రతో నడిచే ముసలావిడ అవతలికి చేరడానికి పదిహేను సెకన్లు పట్టిందనుకుందాం. ఆమె మొదటి అడుగు వేసేటప్పటికి రైలు అర కిలోమీటరుకు పైగా దూరంలో ఉండాలి, అంత దూరానా ఆమె కంటికి ఆనాలి. పట్టాలు మలుపు తిరిగిన చోట, మంచు పట్టిన పొద్దున అది అయ్యే పనేనా? డ్రైవరు బ్రేకు వేసినా ఆ దూరంలో బండి ఆగదు.

లైట్లు, అలారం పెడితే చాలన్న మాటకు ఇంగ్లండులోని ఎల్సెన్‌హామ్ స్టేషనే జవాబు. 2005 డిసెంబరులో అక్కడి కాలిబాట క్రాసింగు దగ్గర ఒక రైలు వెళ్లిపోయింది. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, అలారం మోగుతూనే ఉంది. చిన్న గేటుకు తాళం లేదు. ఇద్దరు బడి పిల్లలు తలుపు తోసుకుని పట్టాల మీదికి వెళ్లారు. ఆ హెచ్చరిక రెండో లైనులో వస్తున్న బండి గురించి. పిల్లలిద్దరూ చనిపోయాకే అక్కడ వంతెన వచ్చింది. పట్టాల బాధ్యత చూసే సంస్థకు 2012లో కోర్టు పది లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

వంతెన అనగానే అందరూ మెట్లే ఊహించుకుంటారు. కరెంటు తీగలను దాటాలంటే ఆరు మీటర్లకు పైగా ఎక్కాలి, మళ్లీ అంతా దిగాలి. పన్నెండు మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే ర్యాంపు కడితే ఒక్కో వైపు డెబ్బై మీటర్లు దాటుతుంది. పట్టాల కింది సబ్‌వేకు మనిషి ఎత్తు చాలు కాబట్టి దిగాల్సింది చాలా తక్కువ. ముందే పోసిన కాంక్రీటు పెట్టెలు తెచ్చి, రైళ్లు కొన్ని గంటలు ఆపి దించేయొచ్చు. నా ఓటు దానికే. కాకపోతే వాన పడితే చెరువయ్యే సబ్‌వే కట్టడం కన్నా కట్టకపోవడం మేలు. మోటారు, కాలువ, లైట్లు అంచనాలోనే ఉండాలి, తర్వాత చూద్దాం అంటే కుదరదు.

మన దేశంలో గేటు ప్రాధాన్యం తేల్చే టీవీయూ (ట్రైన్ వెహికల్ యూనిట్) లెక్కలో రైళ్ల సంఖ్యను వాహనాల యూనిట్లతో హెచ్చిస్తారు. ఎడ్లబండికి ఒక యూనిట్ ఉంది. కాలినడకన దాటే మనిషికి అసలు యూనిటే లేదు! అలాంటి లెక్కతో గేటు మూసేసి, కిలోమీటరు అవతల ఉన్న బ్రిడ్జి చూపించి చుట్టూ తిరిగి రమ్మంటే ఎవరొస్తారు? నెల తిరక్కుండా కంచెకు మనిషి పట్టేంత కంత పడుతుంది. ఆ కంతలోంచి వెళ్లినవాడికి రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కాబట్టి ముందు నడిచేవాళ్లను లెక్కపెట్టండి. కొత్త దారిని జనం నడిచే చోటనే తెరవండి. అందులోంచి ఒక వానాకాలం జనం నడిచాక పాత గేటుకు తాళం వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు