మహకామ్ ఒడ్డున స్థలం కొందామంటున్న రాంబాబుకి

ఒరేయ్ రాంబాబూ,

నీ మెసేజ్ చూశాను, ఆ ఏజెంటు నీకు పంపిన ఫోటోలూ చూశాను. ఫోన్‌లో చెబుదామంటే సగంలోనే నువ్వు అడ్డం వస్తావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, చివరిదాకా చదువు. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇండోనేషియాలో మహకామ్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు, ముఆరా ముంతాయ్, నాకు ప్రాణం. నువ్వు రా, చెల్లెమ్మని పిల్లల్నీ తీసుకురా, ఎన్నాళ్ళు ఉండాలనిపిస్తే అన్నాళ్ళు ఉండండి, అద్దెకి ఇల్లు నేను చూస్తాను. కానీ ఇక్కడ భూమి కొనొద్దు. వేరేవాళ్ళ పేరు మీద అయితే అస్సలు వద్దు.

అసలు ఊరు ఎలా ఉంటుందో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. బోర్నియో దీవిలో ఇండోనేషియా వైపు భాగాన్ని కాలిమంతన్ అంటారు, అందులో తూర్పు రాష్ట్రంలో మహకామ్ అని పెద్ద నది, తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు పొడవు. నది కింది భాగంలో సమరిందా పట్నం. అక్కడ సుంగై కుంజంగ్ రేవులో పొద్దున్నే పెద్ద చెక్క పడవ బయల్దేరుతుంది, కింద సరుకులు, పై అంతస్తులో వరసగా పరుపులు, పడుకునో కూర్చునో వెళ్ళాలి, మా ముఆరా ముంతాయ్ చేరేసరికి రాత్రి అయిపోతుంది. తొందరుంటే కోటా బంగున్ దాకా రోడ్డు మీద మూడు గంటలు వచ్చి, అక్కణ్ణుంచి చెస్ అనే సన్నటి మోటారు పడవ మాట్లాడుకోవచ్చు. నేనైతే వీలున్నప్పుడల్లా పెద్ద పడవలోనే వస్తాను. మన కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్ళే రోజుల్లో నువ్వు ఇంజను పక్కన నిలబడేవాడివి గుర్తుందా, నీకు ఈ ప్రయాణం తప్పకుండా నచ్చుతుంది.

ఊళ్ళో మట్టి రోడ్డు, తారు రోడ్డు అనేవి పెద్దగా లేవు. వీధులన్నీ చెక్కే. ఉలిన్ అని ఇక్కడి ఇనుపకర్ర ఒకటుంది, నీళ్ళలో వేస్తే మునుగుతుంది, నానినా దశాబ్దాలపాటు పుచ్చదు. ఆ కర్రని స్తంభాలుగా దింపి, వాటి మీద పలకలు పరిచి వీధులు కట్టారు. ఇళ్ళు, కొట్లు, బడి, మసీదు అన్నీ ఆ ఎత్తులోనే. ఆ పలకల మీద మోటారు సైకిళ్ళు పోతుంటే టకటకమని శబ్దం, మొదట్లో నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు అది వినబడకపోతేనే ఏదో లోటుగా ఉంటోంది. ఇంటి ముందు వీధి, ఇంటి వెనక నది లేదా చిత్తడి. జనం ఎక్కువగా కుతాయ్ వాళ్ళు, బంజార్ వాళ్ళు, ఇద్దరూ ముస్లింలే. జెంపంగ్ సరస్సు దాటి తంజుంగ్ ఇసుయ్ వెళితే దయాక్ బెనువాక్ అనే ఆదివాసీ జనం, వాళ్ళు డోయో అనే ఆకు నారతో బట్ట నేస్తారు, చెల్లెమ్మకి ఒకటి తీసి పెట్టాను.

తిండి సంగతి నువ్వెలాగూ అడుగుతావు. ఇక్కడ రాజ్యమేలేది మన కొర్రమీనే, వీళ్ళు హరువాన్ అంటారు. సమరిందాలో పొద్దున్నే పసుపన్నంలో ఎర్రటి కూరలో వండిన హరువాన్ వేసిస్తారు, మన వాళ్ళెవరికైనా ఒక్కసారి పెడితే మళ్ళీ అడుగుతారు. సెమయంగ్, మెలింతంగ్, జెంపంగ్ అని చుట్టుపక్కల మూడు పెద్ద సరస్సులు, వర్షాకాలంలో నదీ అవీ కలిసిపోయి ఎటు చూసినా నీళ్ళే, చేపలు అక్కడే పెరుగుతాయి. నీళ్ళు తగ్గేటప్పుడు పట్టి, చీల్చి, ఉప్పు పట్టించి వీధి పలకల మీదే ఎండబెడతారు. నీలకంఠ రొయ్య కూడా ఉంది, మనవాళ్ళు చెరువుల్లో పెంచిన స్కాంపి అదే, ఇక్కడ నదిలో దానంతట అది పెరుగుతుంది. చింతపండు దొరుకుతుంది. కరివేపాకు, గోంగూర గురించి మాత్రం ఆశ పెట్టుకోకు.

ఇక కష్టాలు. నది పెరిగితే నీళ్ళు పలకల పైకి వచ్చేస్తాయి, అప్పుడు సామాన్లు అటక మీదికి ఎక్కించి జనం మామూలుగానే తిరుగుతారు, ఎవరూ కంగారుపడరు. మన లంకల్లో వరద చూసినవాడివి కాబట్టి నీకు కొత్త కాదు. అంతకంటే భయపడాల్సింది ఎండాకాలానికి. వానలు ఎగ్గొట్టే ఎల్ నినో వచ్చిన ఏడాది సరస్సులు అడుగంటి గడ్డి మొలుస్తుంది, పడవలు నడవవు, ఆకులూ కొమ్మలూ కుళ్ళి పేరుకున్న పీట్ నేలలు అంటుకుంటే పొగ వారాల తరబడి వదలదు. 1997-98లోనూ 2015లోనూ అదే జరిగింది, ఆ పొగ సింగపూర్ దాకా వెళ్ళింది. ఊళ్ళో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది, జ్వరాలకీ కాన్పులకీ చాలు, గుండెనొప్పి వస్తే మాత్రం పట్నం దాకా పరుగే. అమ్మకి బీపీ ఉంది కదా, ఆవిడని తెచ్చే ముందు ఈ సంగతి ఆలోచించు.

నది మీద రోజంతా బొగ్గు బార్జీలు. కొండంత బొగ్గు పోసిన బల్లపరుపు ఓడని ఒక చిన్న టగ్గు లాగుతుంటుంది, ఒకటి కనుమరుగయ్యేలోగా ఇంకొకటి. కాలిమంతన్ బొగ్గు మన దేశానికి బోలెడు వస్తుంది, కృష్ణపట్నంలో దిగేదాంట్లో ఇదీ ఉంటుంది, నా జీతం కూడా దాంట్లోంచే. అవే బార్జీల మధ్యన పెసుత్ తిరుగుతుంటుంది, మంచినీళ్ళలో బతికే డాల్ఫిన్, చిలకా సరస్సులో ఉన్న ఇరవడి డాల్ఫిన్ జాతే. ఈ నదిలో మొత్తం కలిపి వందకి లోపే మిగిలాయి. వలల్లో చిక్కుకుని చచ్చిపోతున్నవే ఎక్కువ, దానికి తోడు బార్జీల చప్పుడు, గనుల మురికి. అది తల పైకెత్తి ఫుస్సుమని ఊపిరి వదిలినప్పుడు పడవలో అందరూ మాటలు ఆపేస్తారు. పిల్లలకి అది చూపించాలని నాకు చాలా ఉంది రా.

ఇప్పుడు భూమి దగ్గరికి వద్దాం. ఏజెంటు నీకు చెప్పింది ఏంటి? ఇక్కడి మనిషి పేరు మీద కొందాం, నీకూ అతనికీ మధ్య వేరే అగ్రిమెంటు రాసుకుందాం, భూమి నీదే అని. ఇది బెనామీ రా, ఇంకో పేరు లేదు దానికి. ఇండోనేషియాలో 1960 నాటి భూమి చట్టం ఒకటుంది, అన్నిటికీ అదే మూలం. పూర్తి యాజమాన్యపు హక్కుని హక్ మిలిక్ అంటారు, అది ఇండోనేషియా పౌరులకే. పౌరుణ్ణి అడ్డం పెట్టుకుని విదేశీయుడు కొన్నట్టు తేలితే ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. ఇవన్నీ అదే చట్టంలో 26వ సెక్షన్‌లో నల్లటి అక్షరాల్లో ఉన్నాయి. అంటే నువ్వు ఎవరి పేరు మీద కొన్నావో ఆ మనిషి మంచివాడైనా నీకు రక్షణ లేదు, చెడ్డవాడైతే కోర్టుకి వెళ్ళే దారీ లేదు. మంచివాడే అనుకో, రేపు అతను పోతే వారసులు నీ అగ్రిమెంటుని ఎందుకు గౌరవిస్తారు? బాలిలో ఇలా పోగొట్టుకున్న విదేశీయులు చాలామంది ఉన్నారు, వాళ్ళలో లాయర్లని పెట్టుకోగల డబ్బున్నవాళ్ళూ ఉన్నారు.

ఇది మన మీద కక్షేమీ కాదు. మన దేశంలో మాత్రం విదేశీయుడు వచ్చి వ్యవసాయ భూమి కొనగలడా? ఇక్కడి చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. సాగుభూమి ఎక్కడుంటే దాని యజమాని ఆ మండలంలోనే ఉండాలని 1961లోనే నిబంధన పెట్టారు, అంటే జకార్తాలో కూర్చున్నవాడు ఇక్కడ పొలం కొనడానికీ లేదు. పాటించేది ఎంత అన్నది వేరే కథ, కానీ నీలాంటి వాడి మీదికి వచ్చినప్పుడు ఆ కాగితం తప్పకుండా బయటికి వస్తుంది.

విదేశీయులకి దారి లేకపోలేదు. హక్ పకాయ్ అని వాడుకునే హక్కు ఉంది, 30 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 20, ఆ తర్వాత కొత్తగా మరో 30. ఇక్కడ ఉండటానికి సరైన పర్మిట్ ఉంటే దాని కింద ఇల్లు తీసుకోవచ్చు. కానీ ఎంత ఖరీదైన ఇల్లు కొనాలో రాష్ట్రాన్ని బట్టి కనీస ధర పెట్టారు, జకార్తాలో అయితే 500 కోట్ల రూపియాలు, మన డబ్బుల్లో రెండున్నర కోట్ల పైమాటే. మిగతా చోట్ల తక్కువే గాని, మా ఊరి చెక్క ఇళ్ళు ఆ లెక్కల దరిదాపుల్లోకి రావు. కంపెనీ పెట్టి దాని పేరు మీద తీసుకుందామంటే 1000 కోట్ల రూపియాలకి పైగా పెట్టుబడి ప్రణాళిక చూపించాలి. నీ పొలం అమ్మిన డబ్బుకి ఇది సరిపడే ఆట కాదు.

ఇదంతా పక్కన పెట్టు. ఫోటోలో నీకు చూపించిన కాగితం జాగ్రత్తగా చూశాను. అది భూమి ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ కాదు, గ్రామ పెద్ద ఇచ్చే ఎస్.కె.టి. ఫలానా మనిషి ఈ భూమిని అనుభవిస్తున్నాడు అని చెప్పే కాగితం, అంతే, అది హక్కు పత్రం కాదు. ఒకే ముక్కకి ఇద్దరు ముగ్గురి దగ్గర ఇవి ఉండటం ఇక్కడ కొత్త కాదు. దాని కింద అడవి శాఖ గీసిన హద్దు ఉండొచ్చు, బొగ్గు కంపెనీకి ఇచ్చిన లీజు ఉండొచ్చు, దయాక్ ఊరి ఉమ్మడి భూమి అయ్యుండొచ్చు. మ్యాపులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తప్ప తెలియదు, అమ్మేవాడికి కూడా తెలియదు ఒక్కోసారి. మన దగ్గర లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా అరెకరం కొనవు కదా నువ్వు, ఇక్కడెందుకు కొంటావు? పైగా నువ్వు ముచ్చటపడ్డ ఆ ఇల్లు సగం నది మీద ఉంది. నీళ్ళ మీద నిలబడ్డ ఇళ్ళు చాలావాటికి ఎప్పటికీ సర్టిఫికెట్ రాదు.

ఇండోనేషియా రాజధాని జకార్తా నుంచి ఈ రాష్ట్రానికి మారుతోందని కూడా ఏజెంటు చెప్పాడన్నావు. నిజమే, 2019 ఆగస్టులో ప్రకటించారు, 2022లో చట్టం చేశారు, 2024 ఆగస్టు 17న స్వాతంత్య్ర దినోత్సవం నుసంతర అనే ఆ కొత్త రాజధానిలో జరిపారు. అయితే అది బలిక్‌పాపన్ దగ్గర సెపాకులో, సముద్ర తీరానికి దగ్గర. మేమున్నది నదికి బాగా ఎగువన, చిత్తడి నేలల్లో. అక్కడ వెయ్యి భవనాలు లేచినా మా వీధి పలకల ధర పెరగదు. పైగా ప్రభుత్వం మారాక పనుల జోరు తగ్గింది, బడ్జెట్ కోత పెట్టారు, 2028కి రాజకీయ రాజధానిగా చేస్తామంటున్నారు. రాజధాని అనే మాట వినగానే ధరలు ఎలా లేస్తాయో, ఎన్నికలు అయ్యాక ఎలా పడుకుంటాయో, మళ్ళీ ఎలా లేస్తాయో అమరావతి చూసిన మనకి ఇంకొకరు చెప్పాలా? అక్కడ కనీసం భాష మనది, చట్టం మనది, వెళ్ళి అడగడానికి ఆఫీసు ఉంది.

ఇక్కడి వాళ్ళు డబ్బు దేని మీద పెడుతున్నారో చెప్తా విను. నేల మీద కాదు. కిటికీలు లేని పొడుగాటి కొట్టం కట్టి, స్పీకర్లలో పిట్టల కూతలు పెడతారు, వాలెట్ అనే చిన్న పిట్టలు వచ్చి లోపల గూళ్ళు పెడితే ఆ గూళ్ళని చైనా వాళ్ళు సూపు కోసం మంచి ధరకి కొంటారు. పిట్ట రావచ్చు, రాకపోవచ్చు. నదిలో చేపల పంజరాలు కడతారు. పడవ, ఇంజను కొంటారు. ఉలిన్ కర్ర ఇప్పుడు దొరకడమే కష్టం, చెట్టు ఎదగడానికి తరాలు పడుతుంది, అందుకని పాత ఇల్లు విప్పితే ఆ కర్ర ఒక్కటే మంచి ధర పలుకుతుంది. అంటే ఇంటికి విలువ ఉంది, పడవకి ఉంది, కింద నేలకి పెద్దగా లేదు. నువ్వు కొనబోయేది ఆ నేలనే.

నిజంగా ఇక్కడ ఉండాలని ఉంటే దానికి తేలిక దారి అద్దె. ఇల్లు లీజుకి తీసుకోవడం విదేశీయులకి చట్టబద్ధమే, నోటరీ దగ్గర రాయించుకుందాం, సంవత్సరాల లెక్కన తీసుకుందాం, అద్దెలు నీ ఊహకంటే తక్కువ. నీ దగ్గర మిగిలిన డబ్బు పిల్లల చదువుకి అని చెల్లెమ్మ నాతో ఒకసారి అంది, ఆ మాట నాకు గుర్తుంది.

వస్తే ముఆరా కమాన్‌లో ఒక పూట ఆగుదాం. దారిలోనే. క్రీస్తుశకం 4-5 శతాబ్దాల నాటి మూలవర్మ రాజు యూప (యజ్ఞ స్తంభం) శాసనాలు దొరికిన చోటు, ఇండోనేషియాలో దొరికిన అతి పాత రాతలు ఇవే. సంస్కృతం, లిపి దక్షిణ భారతానిది, పల్లవుల తొలినాటి రాతలకి దగ్గర. ఆ పల్లవుల పాత శాసనాలు దొరికింది మన గుంటూరు పక్కన మంచికల్లులో, మైదవోలులో. రాజు బ్రాహ్మణులకి 20 వేల ఆవుల్ని దానమిచ్చాడనీ, ఇక్కడికి వచ్చిన విప్రులు ఈ యూపాన్ని నిలిపారనీ అందులో ఉంది. అసలు రాళ్ళు జకార్తా మ్యూజియంలో ఉన్నాయి, అయినా ఆ గడ్డ మీద నిలబడితే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పదహారొందల ఏళ్ళ కిందట మన వైపు నుంచే ఎవరో ఇదే నది ఎక్కి వచ్చి ఉంటారు రా.

ఏజెంటుకి ఇంకా అడ్వాన్సు పంపలేదు కదా? పంపకు. ఈ ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్, ఆ కాగితం ఫోటో పెద్దది పంపు, సమరిందాలో నాకు తెలిసిన నోటరీకి చూపించి ఆవిడ ఏమందో నీకు చెప్తాను. సెలవులు ఎప్పుడో చెల్లెమ్మని కనుక్కో, జూన్ కంటే ముందయితే నీళ్ళు నిండుగా ఉంటాయి, పడవ సరస్సు మధ్యలోకి వెళ్తుంది. గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి మర్చిపోవద్దు.

నీ
సత్తి