దీపావళి రాత్రి మా గేటు దగ్గర జరిగింది, ఆ తర్వాత మేం మార్చినవి

అందరికీ నమస్కారం. మీలో కొందరికి ఈ విషయం వాట్సాప్‌లో సగం సగం తెలిసింది. మిగతా సగం నేనే చెప్పాలి. మొన్న దీపావళి రాత్రి హైదరాబాద్ మియాపూర్‌లోని మా కుక్కల బోర్డింగ్ నుంచి చింటూ అనే కుక్క బయటికి పారిపోయాడు. తొమ్మిది గంటల తర్వాత దొరికాడు. ఇప్పుడు వాళ్ళింట్లో బాగానే ఉన్నాడు. చింటూ వాళ్ళమ్మగారి, అంటే వాణ్ణి పెంచుకుంటున్నావిడ అనుమతి తీసుకునే ఇదంతా రాస్తున్నాను.

తప్పు మాదే. గేటు తీసింది నేనే.

పండక్కి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు వరసగా ఫోన్లు చేస్తుంటే కాదనలేక, పది కుక్కలకు సరిపోయే చోట పద్నాలుగింటిని తీసుకున్నాను. టపాసులు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఎనిమిదిలోపు అన్నింటినీ లోపలి గదుల్లోకి పంపేద్దామని మా లెక్క. ఆ రోజు ఏడింటికే మోత మొదలైంది. ఎనిమిదింపావుకి ఆలస్యంగా వచ్చిన ఒక ల్యాబ్రడార్ కుక్కను లోపలికి తీసుకుంటూ గేటు సగం తెరిచాను. అప్పుడే పక్క మేడ మీద పెద్ద లడి పేలింది. చింటూ నా కాళ్ళ మధ్య నుంచి దూరి వీధిలో పడ్డాడు. మనకు వినిపించని శబ్దాలు కూడా కుక్కలకు వినిపిస్తాయి. ఆ మోతలో వాడికి నా పిలుపు ఎక్కడ వినబడుతుంది?

ఇంకో తప్పు కూడా చెప్పాలి. దొరికాక చెబుదాంలే అనుకుని వాళ్ళమ్మగారికి నలభై నిమిషాల దాకా ఫోన్ చేయలేదు. ఆవిడ రాజమండ్రిలో ఉన్నారు. చెప్పాక ఒక్క మాట అన్నారు, "అప్పుడే చెప్పుంటే మా వీధివాళ్ళకైనా ఫోన్ చేసేదాన్ని కదమ్మా" అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

టార్చిలైట్లు పట్టుకుని పేరు పెట్టి అరుస్తూ సందు సందూ తిరిగాం. అది కూడా తప్పేనని తర్వాత డాక్టరుగారు చెప్పారు. బెదిరిన కుక్క పెంచినవాళ్ళు పిలిచినా రాకపోవచ్చట. వెంటపడితే ఇంకా దూరం పరిగెడుతుందట. పైగా ప్రతి సందులోనూ వీధికుక్కలు తమ హద్దు దాటేదాకా వాణ్ణి తరిమాయి. వాడు కూడా దేశీయే, కానీ ఆ సందులకు కొత్తవాడు.

ఐదింపావుకి ఒక టిఫిన్ సెంటర్ అక్క ఫోన్ చేసింది. రాత్రి మేం నంబర్ ఇచ్చి వెళ్ళిన వాచ్‌మన్ ఆమెకు చెప్పాడట. "అక్కా, గోధుమ రంగు కుక్క, సిలిండర్ల ఎనక కూసుంది. ఇడ్లీ ఏస్తే ముట్టలే." వెళ్ళేసరికి గోడకూ సిలిండరుకూ మధ్య ముడుచుకుని వణుకుతున్నాడు. ఒళ్ళంతా టపాసుల మందు వాసన, ముందరి కాళ్ళకు రక్తం. ఈసారి పిలవలేదు. వాళ్ళింటి నుంచి వాడితో పాటు వచ్చిన పాత దుప్పటి నేల మీద పరిచి, వాడి వైపు చూడకుండా ఇటు తిరిగి కూర్చున్నాను. పావుగంటకు పొట్ట నేలకు ఆనించి పాక్కుంటూ వచ్చి, ఆ దుప్పటి మీద తల పెట్టాడు.

అరికాళ్ళ చర్మం లేచిపోయింది, మెడ మీద ఒక కాటు ఉంది. రేబిస్ టీకా ముందే ఉన్నా, డాక్టరుగారు బూస్టర్లు వేశారు. వైద్యం ఖర్చంతా మేమే పెట్టుకున్నాం, బోర్డింగ్ డబ్బులు తిరిగి ఇచ్చేశాం. అంతటితో సరిపోయిందని నేను అనుకోవడం లేదు.

ఇప్పుడు మారినవి చెబుతాను. గేటు లోపల ఇంకో గేటు పెట్టించాం. ఒకటి మూశాకే రెండోది తీస్తాం. ఒక రోజుకు ఎనిమిది కుక్కలకు మించి తీసుకోం, పండగైనా సరే. అందుకే రోజుకు 700 ఉన్న ధర 850 అయింది. ఏడు దాటాక ఎవరికోసమూ గేటు తీయం. ఏం జరిగినా ముందు మీకు ఫోన్ చేశాకే మిగతా పని.

బెల్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆడుకునేటప్పుడు ఒకదాని పళ్ళు ఇంకోదాని బెల్టులో ఇరుక్కుంటాయని మేం బెల్టులు తీసేసేవాళ్ళం. అందుకే చింటూ మెడలో వాళ్ళమ్మగారి నంబరూ లేదు, మా నంబరూ లేదు. వాడికి మైక్రోచిప్ ఉంది. కానీ అది బియ్యపు గింజంత చిప్, ఒక నంబరు మాత్రమే ఉంటుంది, కుక్క ఎక్కడుందో చెప్పదు. స్కానర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తేనే ఉపయోగం. తెల్లవారుజామున టిఫిన్ సెంటర్లో స్కానర్ ఎక్కడిది? ఇకనుంచి గట్టిగా లాగితే ఊడిపోయే బట్ట పట్టీ మీద మా నంబరు రాసి మేమే కడతాం. మీరు కూడా ఇంట్లో బెల్టు మీద నంబరు రాయించండి, వంద రూపాయల పని.

కొత్తగా హైదరాబాద్ వచ్చినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, ఇది కుక్కలకు మంచి ఊరేనా అని. ఇన్నాళ్ళూ కొండాపూర్ పార్కు గురించి చెప్పేదాన్ని. కుక్కల కోసమే 2018లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ తెరిచిన పార్కు అది. లిఫ్టులో కుక్కను ఎక్కించొద్దనే అపార్ట్‌మెంట్ వాళ్ళకు చూపించమని జంతు సంక్షేమ బోర్డు 2015 సర్క్యులర్ పంపేదాన్ని. అవీ అవసరమే. కానీ ఆ రాత్రి నాతో తిరిగింది ఇద్దరు వాచ్‌మన్‌లు, పొద్దున్నే ఊడ్చడానికి వచ్చిన ఒకమ్మ. వాళ్ళెవరికీ చింటూ పేరు తెలియదు. మీ కుక్కను రోజూ వాకింగ్‌కు తీసుకెళ్ళేటప్పుడు మీ వీధి వాచ్‌మన్‌కు, ఇస్త్రీ బండి అతనికి, పాలబ్బాయికి పరిచయం చేయండి. పేరు చెప్పండి, ఒక్కసారి తల నిమరనివ్వండి.

చింటూ మళ్ళీ మా దగ్గరికి వస్తాడా అంటే, వాళ్ళమ్మగారు ఇంకా ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

సంక్రాంతి బుకింగులు తీసుకుంటున్నాం. డబ్బులు కట్టేముందు ఒకసారి వచ్చి గేటు చూసుకోండి. శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేను ఇక్కడే ఉంటాను.