రజా బిందువుకు నలభై ఏళ్లు పట్టింది

సంపాదకులకు నమస్కారం.

చిత్రకారుడు ఎస్.హెచ్. రజా మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వేసినందుకు సంతోషం. నైరూప్య చిత్రకళకు తెలుగు పత్రికల్లో చోటు దొరకడమే అరుదు. కాకపోతే ఆయన బొమ్మల మధ్య కనిపించే నల్లని గుండ్రన, అంటే బిందువు మొత్తాన్నీ ఆ వ్యాసం ఒకే ఒక్క సంఘటనకు ముడిపెట్టింది. మధ్యప్రదేశ్ మండ్లా జిల్లాలో చిన్న బడి, ధ్యాస నిలవని కుర్రాడు, గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్న నందలాల్ ఝారియా మాస్టారు. ఇది జరిగిన మాటే, రజా స్వయంగా చాలాసార్లు చెప్పారు. కానీ బిందువు ఆయన కాన్వాసు మధ్యకు వచ్చింది 1970ల చివర్లో. నడుమ నలభై ఏళ్లకు పైగా ఏం జరిగిందో చెప్పకపోతే, చిన్నప్పుడు చుక్క చూసిన ప్రతివాడూ రజా అవుతాడనిపిస్తుంది.

బాల్యం నుంచి ఆయనకు దక్కింది చుక్క ఒక్కటే కాదు. 1922లో బాబరియాలో పుట్టారు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి కావడంతో ఇల్లు అడవిలోనే. అడవి రాత్రి అంటే భయం, ఆ భయంలో గోండుల నాట్యమే మనుషుల తోడు. తెల్లారి సంత రోజున ఊరంతా రంగులే. నలుపులోంచి రంగు పుట్టుకురావడం అనే భావం ఆయన బొమ్మల్లో చివరిదాకా ఉంది. దానికి ఈ రాత్రీ పగలూ మాస్టారి చుక్క కన్నా పెద్ద మూలమని మా అభిప్రాయం.

నాగపూర్ ఆర్ట్ స్కూల్, తర్వాత బొంబాయి జె.జె. స్కూల్. బొంబాయిలో టైమ్స్ ఆఫ్ ఇండియా ఆర్ట్ డైరెక్టర్ వాల్టర్ లాంగ్‌హామర్ ప్రోత్సాహంతో వీధులు, వానలు నీటిరంగుల్లో చకచకా వేశారు. అవి చూడముచ్చటగా ఉంటాయి, కానీ బొమ్మ నిర్మాణం బలహీనం. 1948లో శ్రీనగర్‌లో ఆ లోటు పట్టుకున్నది చిత్రకారుడు కాదు, ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెస్సాన్. బొమ్మకు నిర్మాణం కావాలి, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌ను చదువుకో అన్నారు. 1950లో రజా ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లడం వెనుక ఈ మాట ఉంది.

ఆ తొలి పారిస్ ఏళ్ల గ్వాష్ (కిందిది కనిపించనివ్వని దట్టమైన నీటిరంగు) చిత్రాలను దగ్గర నుంచి చూడాలి. మనుషుల్లేని ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి, గీతలు కచ్చితం. కొన్నింటిలో ఆ ఇళ్ల పైన నల్ల సూర్యుడు ఉంటాడు. అంటే నల్లని గుండ్రన ఆయన బొమ్మలోకి మొదట వచ్చింది ప్రకృతి దృశ్యంలో భాగంగానే, ధ్యాన చిహ్నంగా కాదు. మీ వ్యాసంలో ఈ చిత్రాల ఊసే లేదు.

తర్వాత ఆయిల్ రంగు దట్టంగా వేసిన దశ, 1956లో ఫ్రాన్స్ విమర్శకులిచ్చే ప్రి ద లా క్రితీక్ పురస్కారం. 1962లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వెళ్లి, అమెరికాలో అక్కడి నైరూప్య చిత్రకారుడు రోత్కో చిత్రాలు చూశాక గీత సడలింది, రంగే బొమ్మను మోయడం మొదలైంది. ఆ దశకంలోనే నీళ్లలో కలుపుకునే రంగైన ఆక్రిలిక్‌కు మారారు. ఇది చిన్న విషయం కాదు. ఆయిల్‌లో కింది పొర ఆరకుండా పైన త్వరగా ఆరే పొర వేస్తే పగుళ్లిస్తుంది, అందుకని రోజుల తరబడి ఆగాలి. ఆక్రిలిక్‌లో పలచని పొర అరగంటలోపే ఆరుతుంది, పొర మీద పొర వేసుకుంటూ పోవచ్చు. 1983 నాటి రెండు మీటర్ల చదరం ‘సౌరాష్ట్ర’ ఆక్రిలిక్కే. అందులో గళ్లుగా విడదీసిన తీరులో రాజస్థానీ సూక్ష్మచిత్రాల ప్రభావం కనిపిస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన బడుల్లో చిత్రలేఖన పోటీలకు బిందువు మామూలైపోయింది. కంపాస్‌తో గుండ్రన గీసి, పోస్టర్ కలర్ నలుపు నింపేస్తున్నారు. ఒక పక్క తడి ఆరేలోపు రెండో పక్కకు బ్రష్ చేరక చారలు పడతాయి, గుండ్రన మధ్యలో రేకు ముక్క అతికించినట్టు ఉంటుంది. నల్లరంగు ఒక్కటే వాడితే లోతు రాదు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) కలిపి నలుపు తయారుచేయించండి. పలచగా ఒక పొర వేసి, పూర్తిగా ఆరాక రెండోది అడ్డంగా వేయించండి. అంతకన్నా ముందు ఒక కాగితం పట్టీ మీద తెలుపు నుంచి నలుపు దాకా ఏడు మెట్లు కలపమనాలి. తెలుపులోకి నలుపును చుక్క చుక్కగా కలపాలి. నలుపులో తెలుపు పోస్తూ పోతే డబ్బా ఖాళీ అయినా లేత బూడిద రంగు రాదు. గ్వాష్ అయితే ముదురు రంగు ఆరాక కాస్త తేలిపోతుంది, లేత రంగు కాస్త ముదురుతుంది. కాబట్టి విడి కాగితం మీద ఆరబెట్టి చూసుకోవాలి. రజా బిందువు చుట్టూ నలుపు నుంచి బూడిదలోకి జారే వలయాలకు ప్రాణం ఈ మెట్లే, అంచు మాత్రం చేత్తోనే వేయించాలి.

చివరగా ఒక విన్నపం. ఇలాంటి వ్యాసాలతో బొమ్మలు వేసేటప్పుడు ప్రతిదాని కింద సంవత్సరం, మాధ్యమం, కొలత ముద్రించండి. బొంబాయి వీధి, ఫ్రాన్స్ ఇళ్లు, 1970ల ఆక్రిలిక్, ఆ తర్వాత బిందువు, ఈ నాలుగూ వరుసలో వేస్తే అర పేజీ చాలు.

— ఇద్దరు చిత్రలేఖన ఉపాధ్యాయులు, హనుమకొండ