మన సీసీ కెమెరా ఫిట్టర్ల సంఘం, విజయవాడ: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక ఈసారి ఆలస్యమైంది, తప్పు నాదే. ఏప్రిల్ మొదటి వారంలో కూర్చుని రాద్దామనుకుంటే కొత్త సర్టిఫికెట్ రూలు వచ్చి నెత్తిన పడింది, డీలర్లకు ఫోన్లు చేయడంతోనే రోజులు గడిచిపోయాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు కూడా ఆ కాగితంలోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ ఎవరి పరువూ తీయను.

సమావేశాలు జరిగాయి, టీలు తాగాం, సంఘం తరఫున కొత్త క్రింపింగ్ టూల్ కొన్నాం, అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో దయచేసి చెప్పండి. ఏడాది పొడుగునా మనం వాదించుకున్నది మాత్రం ఒకే సంగతి మీద. కస్టమర్ వచ్చి "కెమెరాలు పెట్టించాలండీ" అంటే ఏ కెమెరా చెప్పాలి, ఏ రికార్డర్ చెప్పాలి, ఏ లెక్కన చెప్పాలి? ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

వాదన మొదలైంది నా సైటు దగ్గరే, దాచడానికేం లేదు. వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టుకి 8 కెమెరాలు పెట్టాను, అన్నీ 2 మెగాపిక్సెల్, అన్నీ 2.8 ఎంఎం లెన్స్ (ఈ అంకె చిన్నదైతే కెమెరా ఎక్కువ వెడల్పు చూస్తుంది), అన్నీ సీలింగ్‌కి. ఒకరోజు మధ్యాహ్నం ఎవడో కౌంటర్ సొరుగు లాగి డబ్బు పట్టుకుపోయాడు. ప్లేబ్యాక్ తీశాం. కొట్టంతా చక్కగా కనబడుతోంది, చీరల బీరువాలు కనబడుతున్నాయి, వాడు వచ్చింది, సొరుగు లాగింది, వెళ్లింది అంతా కనబడుతోంది. మొహం దగ్గర మాత్రం ఇడ్లీ పిండి ముద్ద. జూమ్ చేస్తే గళ్లు. యజమాని నా వైపు తిరిగి "ఎనిమిది పెట్టావుగా బాబూ, ఒక్కదాంట్లోనూ మనిషి తెలియడేంటి?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆయన 8 కెమెరాలు అడిగారు, నేను 8 బిగించాను. వాటిలో ఏం కనబడాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే సిగ్గేసింది. 2.8 లెన్స్ 10 మీటర్ల దూరంలో చూసే వెడల్పు 20 మీటర్లు దాటుతుంది. కొట్టు అంత వెడల్పే లేదు, అంటే మిగతా పిక్సెళ్లన్నీ గోడల మీదే ఖర్చయ్యాయి. 2 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 1920 చుక్కలు. వాటిని 20 మీటర్లకు పంచితే మీటరుకు 100 కూడా రావు. తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు (అంటే ఆ చుక్కలే) ఉండాలని సీసీ కెమెరాల మీద 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 చెప్పింది. ముందే తెలిసినవాణ్ని పోల్చుకోవడానికి 125 చాలు, ఎవరో మనిషి ఉన్నాడని తెలియడానికి 25 చాలు. ఈ 3 అంకెలు గుర్తుంటే సగం గొడవ తీరిపోతుంది. 1920ని 250తో భాగిస్తే 7.7 మీటర్లు, అంటే 2 మెగాపిక్సెల్ కెమెరాతో మొహం కావాలంటే ఫ్రేములో అంతకంటే ఎక్కువ వెడల్పు పట్టకూడదు. 4 మెగాపిక్సెల్‌కి 10 మీటర్లు.

గుమ్మం వెడల్పు మీటరో, మీటరున్నరో. తర్వాత అక్కడికే గురిపెట్టి 5 మీటర్ల దూరంలో ఒక 6 ఎంఎం కెమెరా పెట్టాను, అదీ మనిషి తల పైకి కాస్త ఎత్తులో, ఏడెనిమిది అడుగుల దగ్గర. సీలింగ్‌కి పెడితే టోపీ పైభాగం తప్ప ఏమీ రాదు. ఇంకో పొరపాటు కూడా అప్పుడే తెలిసింది. ఆ గుమ్మం పడమటి వైపు, సాయంత్రం ఎండ వెనక నుంచి కొట్టి వచ్చినవాళ్లంతా నల్లటి బొమ్మల్లా పడుతున్నారు. అలాంటి చోట నిజమైన డబ్ల్యూడీఆర్ (ఎండనీ నీడనీ ఒకే ఫ్రేములో సరిగా చూపేది) ఉన్న కెమెరాయే కావాలి, షీటులో 120 డీబీ అని రాసి ఉంటుంది. డీడబ్ల్యూడీఆర్ అని రాసి ఉంటే అది సాఫ్ట్‌వేర్ సర్దుబాటు మాత్రమే, మన ఎండకి ఆగదు.

"అయితే 8 మెగాపిక్సెల్ పెట్టేస్తే పోలా" అని ఒక తమ్ముడు అడిగాడు. పగలైతే సరే. అంతే సైజు సెన్సార్ మీద చుక్కలు ఎక్కువ ఇరికిస్తే ఒక్కోదానికి అందే వెలుతురు తగ్గుతుంది, రాత్రి నడిచే మనిషి చారలా సాగిపోతాడు. వీధి దీపం లేని సందులో చవకరకం 8 కంటే మంచి సెన్సార్ ఉన్న 4 మేలు.

జూన్ సమావేశంలో తేల్చుకున్నది ఇదీ: కొటేషన్ ఇచ్చే ముందు కస్టమర్‌ని కూర్చోబెట్టి, ఒక్కో కెమెరాకీ అందులో ఏం కనబడాలో అడిగి రాసుకోవాలి. కొటేషన్‌లో ఇంకో గడి కూడా పెట్టాలి, "ఇందులో కనబడనివి" అని. గేటు కెమెరాలో బండి కనబడుతుంది, రాత్రిపూట నంబర్ ప్లేటు చదవడానికి రాదు. వరండా కెమెరాలో మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఇలా. దీనిమీద పెద్ద రభస జరిగింది. మనలో అందరికంటే సీనియర్ ఒకాయన "కనబడదని మనమే రాసిస్తే ఎవడు కొంటాడయ్యా, పక్కవాడు రెండు వేలు తగ్గించి ఎగరేసుకుపోతాడు" అన్నారు. ఆయన మాటా అబద్ధం కాదు. పటమటలో ఒక అపార్ట్‌మెంట్ ఆర్డర్ ఆ గడి వల్లే నా చేయి జారింది. మరి రాసిచ్చిన చోట ఇప్పటిదాకా ఒక్కరు కూడా ఫోన్ చేసి తిట్టలేదు, అదీ చెప్పాలి.

ఇక రికార్డింగ్ ఎన్ని రోజులు నిలవ ఉండాలన్న లెక్క. "నెల రోజులు రావాలండీ" అంటారు, మనం 1 టీబీ (1000 జీబీ) డిస్క్ వేసి కొటేషన్ ఇస్తాం, పక్కవాడూ అదే ఇస్తాడు. కెమెరా సెకనుకు 1 మెగాబిట్ డేటా పంపితే రోజుకు 10.8 జీబీ, ఇది పలకమీద రాసుకోండి. 4 మెగాబిట్ల చొప్పున 8 కెమెరాలు నడిస్తే రోజుకు 345 జీబీ, 1 టీబీ మూడోరోజు నిండకముందే అయిపోతుంది. హెచ్.265 (వీడియోని ఎక్కువ కుదించే పద్ధతి) పెట్టి 2 మెగాబిట్లకు దించినా 30 రోజులకు 5.2 టీబీ కావాలి, అంటే 6 టీబీ డిస్క్. మోషన్ రికార్డింగ్ (కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయడం) పెడితే తగ్గుతుంది కదా అంటారు. ఇంటి లోపలైతే తగ్గుతుంది. ఏలూరు రోడ్డు వైపు తిరిగిన కెమెరాకి మోషన్ ఎప్పుడు లేదు చెప్పండి? ఫంక్షన్ హాళ్లు, పెద్ద షాపులు చేసేవాళ్లకు ఇంకో మాట: 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం పెద్ద సంఖ్యలో చేరే చోట్ల 30 రోజుల ఫుటేజీ ఉంచాలి. అక్కడ 1 టీబీ వేసి వచ్చామంటే కస్టమర్‌ని మనమే ఇరికించినట్టు.

డిస్క్ విషయంలో నేను మోసపోయాను కాబట్టి చెబుతున్నా. సీల్ ఉంది, బిల్లు ఉంది, కొత్తదే అన్నాడు డీలర్. రికార్డర్ మెనూలో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన గురించి తానే రాసుకునే లెక్కలు) తెరిచి పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ నడిచిన గంటలు, చూస్తే 19 వేల గంటలు. అంటే రెండేళ్లకు పైగా ఎక్కడో తిరిగిన డిస్క్. కొత్తదంటే ఆ అంకె దాదాపు సున్నా ఉండాలి. బిగించగానే ఆ స్క్రీన్ ఫోటో తీసి కస్టమర్‌కి పంపడం ఇప్పుడు నా అలవాటు, మీరూ చేసుకోండి. కంప్యూటర్ డిస్కులు కాదు, రాత్రింబవళ్లు రాయడానికి తయారుచేసిన సర్వైలెన్స్ డిస్కులే వాడాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

డీవీఆరా (కోయాక్సియల్ కేబుల్ కెమెరాల రికార్డర్) ఎన్‌వీఆరా (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఐపీ కెమెరాల రికార్డర్) అన్న వాదన ఈ ఏడాదీ తెగలేదు, తెగదు కూడా. పాత ఇంట్లో కోయాక్సియల్ కేబుల్ గోడల్లోనే ఉంటే దాన్ని పీకి ఐపీ చేయమనడం కస్టమర్ డబ్బుతో మన సరదా తీర్చుకోవడమే. డీవీఆర్ మార్చి కెమెరాలు మారిస్తే చాలు. కొత్త బిల్డింగ్‌కి మాత్రం క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ వేసి ఐపీకే వెళ్లడం మంచిది, ఒక్కో కేబుల్‌కి 100 మీటర్ల హద్దు గుర్తుంచుకుంటే.

కేబుల్ అంటే రాగి కేబులే. ఈ ఏడాది ఎక్కువ ఫిర్యాదులు ఒకే తరహావి: పగలంతా కెమెరా బంగారంలా ఉంటుంది, రాత్రి ఏడింటికి ఆఫ్, మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్. కెమెరా పాడైందని రెండుసార్లు మార్చినవాళ్లు కూడా ఉన్నారు. చీకటి పడి ఐఆర్ లైట్లు (కంటికి కనబడని వెలుగుతో కెమెరాకి రాత్రి చూపునిచ్చేవి) వెలగగానే కరెంటు ఎక్కువ లాగుతుంది, కేబుల్ రాగి పూత పూసిన అల్యూమినియం అయితే దూరం మీద వోల్టేజి పడిపోయి కెమెరా రీబూట్ అవుతుంది. తీగని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనబడితే డీలర్‌కి తిరిగిచ్చేయండి.

సెప్టెంబర్ 1 గురించి రాయకుండా ఉండలేను. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మన సభ్యుల ఇళ్లు కూడా మునిగాయి, అయినా నీళ్లు తీశాక వచ్చి కూలి తీసుకోకుండా వీధి వీధి తిరిగి పనిచేశారు, వాళ్లకి సంఘం తరఫున మరోసారి దండాలు. మేం విప్పిన రికార్డర్లలో మూత తీస్తే ఫ్యాన్ చుట్టూ బురద ఎండి పెంకులా ఊడొచ్చేది. దాదాపు ప్రతిచోటా రికార్డర్ ఉన్నది మెట్ల కింద, కౌంటర్ కింద, టీవీ స్టాండ్ అడుగు అరలో. అక్కడ పెట్టింది ఎవరు? మనమే, కేబుల్ కలిసొస్తుందని. ఇకమీదట మొదటి అంతస్తులో గానీ, కనీసం తలెత్తున గోడకి గానీ పెట్టాలని తీర్మానం చేశాం. తడిసిన డిస్క్‌కి కరెంటు ఇచ్చి చూడొద్దు. ఆరబెట్టి "పనిచేస్తుందేమో" అని ఆన్ చేసిన కొన్నింట్లో ఉన్న డేటా కూడా పోయింది.

గుంటూరు మిత్రులు పిలిస్తే మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకటి చూసొచ్చాం. తుమ్మడంతోనే సగం టైం సరిపోయింది. అక్కడ డోమ్ కెమెరాలు (గాజు గిన్నె లోపల ఉండేవి) పెట్టారు, గాజు మీద కారం దుమ్ము, తలుపు తీసినప్పుడల్లా చెమ్మ. రాత్రి ఐఆర్ వెలుగు ఆ దుమ్ముకే తగిలి వెనక్కి కొట్టి తెరంతా తెల్లటి మబ్బు. లెన్స్ ముందు గాజు గిన్నె లేని టరెట్ కెమెరాలు చెప్పి వచ్చాం. సాలెగూళ్ల కథ కూడా ఇలాంటిదే, ఐఆర్‌కి పురుగులు, పురుగులకి సాలీళ్లు. ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో) తుడవడం కూడా రాసుకోండి.

ఇప్పుడు అందరికీ టెన్షన్ పెట్టిన సంగతి. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలు అమ్మాలంటే కేంద్రం పెట్టిన భద్రతా పరీక్షలు పాసవ్వాలి, ఎస్‌టీక్యూసీ (కేంద్ర ఐటీ శాఖ కింద ఉన్న పరీక్షా సంస్థ) సర్టిఫికెట్ అని మనం పిలుచుకుంటున్నది దీని గురించే. కెమెరాలోని సాఫ్ట్‌వేర్‌ని, హార్డ్‌వేర్‌ని ల్యాబ్‌లో పరీక్షిస్తారు. సర్టిఫికెట్ మోడల్‌కి వస్తుంది, బ్రాండుకి కాదు. డీలర్ "మా కంపెనీకి వచ్చేసిందన్నా" అంటే చాలదు, పెట్టె మీద మోడల్ నంబరు సర్టిఫికెట్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇప్పటికే గోడకున్నవి పీకేయాలని రూలు చెప్పలేదు, అలా భయపెట్టి కొత్తవి అమ్మేవాళ్లు మన సంఘంలో ఉండకూడదు.

పాస్‌వర్డ్ విషయంలో మనందరం దొంగలమే. ఫిబ్రవరిలో రాజ్‌కోట్ ఆసుపత్రి ఒకదాని నుంచి రోగుల వీడియోలు బయటికి పోయిన వార్త చదివాక సమావేశంలో చేతులెత్తమన్నాను, అన్ని సైట్లకీ ఒకే పాస్‌వర్డ్ ఎవరు పెడుతున్నారని. ముందు నవ్వులు, తర్వాత చేతులు. నా చెయ్యీ లేచింది. నాది సొంత ఫోన్ నంబరే, అది నా విజిటింగ్ కార్డు మీదే ఉంటుంది! ఇప్పుడు ఒక్కో సైటుకి ఒక్కోటి, కాగితం మీద రాసి కవర్లో యజమాని చేతికి. రౌటర్‌లో పోర్టులు (బయటి నెట్ నుంచి రికార్డర్‌లోకి దారులు) తెరిచి వదిలేయడం కూడా మానేద్దాం.

ఒక చిన్న సంగతి, పోలీసులు ఫుటేజీ అడిగినప్పుడు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టంలోని 65బి (ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో సాక్ష్యంగా పెట్టే సెక్షన్) స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 వచ్చింది. దాని సర్టిఫికెట్‌కి 2 భాగాలుంటాయి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. రికార్డర్ గడియారం 40 నిమిషాలు వెనక ఉంటే కోర్టులో ప్లీడరు ముందు అడిగేది దాన్నే. ప్రతి విజిట్‌లో టైం చూడండి, నెట్ ఉన్నచోట ఎన్‌టీపీ (నెట్ నుంచి టైం దానంతటదే సరిచేసుకునేది) ఆన్ చేయండి.

బట్టల కొట్టాయన నన్ను వదిలిపెట్టలేదు, పై అంతస్తు పని కూడా నాకే ఇచ్చారు. ఈసారి కొటేషన్ చేతిలో పెట్టగానే రేటు చూడకుండా "కనబడనివి" గడిలోకి వెళ్లి, ట్రయల్ రూం వైపు గీత గీసి "ఇటు అసలు తిప్పకు" అన్నారు.

వచ్చే సమావేశంలో ప్రాక్టికల్ పెడుతున్నాం. 2.8, 3.6, 6 లెన్సులు పక్కపక్కన బిగించి 3, 5, 10 మీటర్ల దగ్గర మనిషిని నిలబెట్టి చూద్దాం, పగలొకసారి, లైట్లు తీసేసి ఒకసారి. మీ దగ్గర మిగిలిన కేబుల్ ముక్కలు తలో అడుగు తీసుకురండి. బ్లేడు నేను తెస్తాను.